ఎడమ పక్క చిన్న రాయి

మా ఆయనను క్వారీలో అందరూ చెవి మేస్త్రి అనేవారు. రాతిని మిగతావాళ్ళు కళ్ళతో చూస్తే ఆయన చెవితో చూసేవాడు. సుత్తితో నాలుగు చోట్ల టకటకమని కొట్టి, తల కాస్త పక్కకు వంచి వినేవాడు. గంటలా మోగితే గట్టి రాయి. బీటలు వారిన కుండలా డబడబమంటే లోపల పగులుంది. వినడం అయ్యాక బొగ్గుముక్కతో గీత గీసి, ఆ గీత వెంబడి జానెడుకొకటి చొప్పున గుంటలు తొలిచేవాడు. గుంటల్లో ఇనుప చీలలు నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోయేవాడు. మూడో విడతకో నాలుగో విడతకో రాయి సబ్బుబిళ్ళను దారంతో కోసినట్టు రెండుగా విడిపోయేది.

"మీరంతా రాయిని బద్దలు కొడతారురా. మేస్త్రి దాన్ని ఒప్పిస్తాడు" అనేవాడు మేనేజరు. మెచ్చుకునే అనేవాడు. ఆ నోటితోనే తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. అది దాని చోట చెబుతాను.

తర్వాత మిషన్లు వచ్చాయి. రాతిలో సన్నటి బెజ్జాలు దింపి, మందు కూరి పేల్చేయడం వచ్చింది. చెవులు మూసుకోమని చెప్పేవాడు లేడు, చెప్పినా వినేవాళ్ళూ లేరు. పదేళ్ళు తిరిగేసరికి చెవి మేస్త్రికి చెవులు పోయాయి. పూర్తిగా కాదు. గట్టిగా అరిస్తే వినిపించేది. ఇంట్లో మెల్లగా మాట్లాడుకోవడం అన్నది ఇక లేదు. కూర మాడిందని ఆయనకు చెబితే వీధి చివరిదాకా తెలిసేది. "మీ ఇంటికి రేడియో ఎందుకు, మీ ఆవిడుందిగా" అని మగవాళ్ళు నవ్వేవారు.

మావి క్వారీ వాళ్ళ ఇళ్ళు. ఒకటే వరస, రేకుల కప్పు, ఇంటికీ ఇంటికీ మధ్య కూడా రేకే గోడ. మాది చివరిది. ఇటు పక్క మా ఆయన అక్క, అంటే మా వదిన. అటు పక్క ఖాళీ మైదానం, దాని వెనక కొండ. ఉతికిన బట్టలు ఆరేలోపల క్వారీ దుమ్ము పడి బూడిదరంగుకు తిరిగేవి. వదిన దులిపినచోటే మళ్ళీ దులుపుతూ, తమ్ముణ్ణీ నన్నూ క్వారీనీ కలిపి ఒకే తిట్టు తిట్టేది, ఆదా అవుతుందని కాబోలు.

ఆ మైదానంలో పాతకాలపు రాళ్ళున్నాయి. ఎవరు నిలబెట్టారో తెలియనంత పాతవి. ఏడు చోట్ల ఒకే తీరు: రెండు నిలువు బండలు, వాటి మీద అడ్డంగా ఒక పెద్ద పలక. కింద మనిషి వంగి దూరేంత సందు. వాటి చుట్టూ ముళ్ళకంచె, ఇనప గేటు, నీలంరంగు బోర్డు. చెయ్యి వేస్తే నేరమని ఆ బోర్డు మీద ఉంది. పాతరాళ్ళ ఆఫీసు నుంచి ఏడాదికోసారి ఒక మేడమ్ వచ్చి టేపుతో కొలిచి పోయేది. పిల్లలు ఆవిడను టేపు మేడమ్ అనేవారు. మాకు మాత్రం అవి రోజూ కళ్ళబడే రాళ్ళే. రాళ్ళతో బతికేవాళ్ళకు రాళ్ళు వింతేమిటి?

ఒక ఏడు ఆయన కాలు బెణికి పది రోజులు పనిలోకి పోలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేడు. కర్ర పట్టుకుని కంచెదాకా పోయి ఆ రాళ్ళను చూస్తూ కూర్చునేవాడు. మూడో రోజు మొహం చిటపటలాడించుకుంటూ వచ్చాడు.

"ఎవడే వీటిని పెట్టింది? వాడికి పని రాదు" అన్నాడు.

"వాడు పోయి ఎన్ని వేల ఏళ్ళయిందో. ఇప్పుడు పన్లోంచి తీసేస్తావా?" అన్నాను, చెవి దగ్గర అరిచి.

"నవ్వకు. రా, చూపిస్తా."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వీధిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. వదిన గుమ్మంలో నిలబడి "ముసలితనంలో ముచ్చట్లు" అంది. ఆయనకు వినిపించలేదు కాబట్టి ఆ మాటా నాకే మిగిలింది.

కంచె బయట నిలబెట్టి చూపించాడు. ప్రతి దాంట్లోనూ ఎడమ పక్క బండ నిటారుగా లేదు, లోపలికి ఒరిగి ఉంది. ఆ ఒరిగిన బండకూ పై పలకకూ మధ్య పిడికెడు చిన్న రాయి ఒకటి ఇరికించి ఉంది.

"ఎడమ బండ ఒరిగితే బరువంతా అటే పోతుంది. ఆ చిన్న రాయి ఏ బరువూ మొయ్యదు, ఉత్తినే ఉంది. రెండు రోజులు పని నేర్చినవాడు కూడా ఇలా పెట్టడు. ఒకసారంటే తప్పు. ఏడుసార్లా? ఏడుసార్లూ ఎడమ పక్కేనా?"

"అయితే ఏమంటావు?"

"పక్కవాడి పలక చూసి లెక్క దించేసిన పిల్లాడు తప్పుతో సహా దించుతాడు. వీళ్ళు దేన్నో చూసి దించారు."

దేన్ని చూశారో ఇద్దరికీ ఒకేసారి కనిపించింది. తలెత్తితే ఎదురుగా ఉంది. కొండ నెత్తిన, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గుండ్లు: రెండు నిలువు బండలు, మీద పలక. మనిషి పెట్టినవి కావు. ఎండా వానా మట్టిని కడిగేసి మిగిల్చినవి. ఎడమ బండ లోపలికి ఒరిగి ఉంది. చిన్న రాయి సంగతి ఇంతదూరం నుంచి తెలియదు గానీ, కాలు నయమయ్యాక పైకెక్కి చూసి వచ్చాడు. పలక కింద, ఎడమ పక్క, చిన్న రాయి ఉంది. ఎప్పుడో పైనుంచి దొర్లి ఇరుక్కుపోయిన రాయి.

ఆ రోజు ఆయన మొహం చూడాలి. పెళ్ళిపీటల మీద కూడా అంత వెలుగు లేదు. "తల్లి పైనుంది, పిల్లలు కిందున్నాయి. పైదాన్ని చూసి, అలాంటిది మన దగ్గర కూడా ఉండాలని మోసుకొచ్చి పెట్టుకున్నారు. తప్పనిపించలేదు వాళ్ళకి. ఉన్నదున్నట్టు దించారు" అని వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళు సరేనన్నారు. మనిషికి చెవులతోపాటు ఇంకేదో కూడా పోయిందని వెనకాల అనుకున్నారు.

ఆ వానాకాలం ముందే మేనేజరు చెప్పేశాడు: వానలు తగ్గగానే కొండ నెత్తికి ఎక్కుతామని. కింద రాయి అయిపోయింది. పైది మంచి గట్టి రాయి, గులాబీ చారలున్నది, రోడ్లకు బాగా పనికొస్తుందట.

మేడమ్ వచ్చే రోజుకు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను వెంట పోయాను. మేడమ్‌ది సన్నటి గొంతు. ఆవిడ మాట ఆయన చెవికి చేరాలంటే మధ్యలో నేను ఉండాల్సిందే. ఆయన ఒక్కొక్క రాయీ చూపించి చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూసింది. ఆయనతోపాటు కొండెక్కింది. వంగి చిన్న రాయిని చూసింది.

"మేస్త్రీ గారూ, ఇరవై ఏళ్ళ నుంచి కొలుస్తున్నాను. ఎంత ఒరిగిందో రాసుకున్నాను గానీ ఎందుకు ఒరిగిందని ఒక్కసారీ అడగలేదు" అంది.

ఆ మాట నేను ఆయన చెవిలో వేసినప్పుడు ఆయన కిందికి చూసి బూటుతో మట్టి గీకాడు.

"అయితే దీన్నీ కంచెలోకి తెచ్చెయ్యండి మేడమ్" అన్నాడు.

ఆవిడ మొహం మారింది. చట్టంలో మనిషి చేసినదాన్ని కాపాడమని ఉందట. ప్రకృతి చేసినదాని గురించి వాళ్ళ ఆఫీసుకు అధికారం లేదట. "దీని మీద మనిషి చెయ్యి పడిన గుర్తు ఒక్కటున్నా, చిన్న గాటైనా సరే, నేను కాగితం పెడతాను. వెతకండి. నెల తర్వాత మళ్ళీ వస్తాను" అంది. మంచి మనసుతోనే అంది. ఆవిడ మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు.

ఇరవై రోజులు వెతికాడు. పొద్దున పని, మధ్యాహ్నం కొండ. పలకను అంగుళం వదలకుండా తడిమాడు. ఏమీ లేదు. పాతకాలంవాళ్ళు చూసే వెళ్ళారు, చెయ్యి వెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేరు. అందరూ పనిలో ఉన్నారు. వదిన కళ్ళ డాక్టరు దగ్గరకు పోయింది. ఆయన వచ్చి పీట మీద కూలబడి, ముందు పెట్టింది తినకుండా గోడకేసి చూస్తున్నాడు. ఆయన చెవి దగ్గర వంగి అన్నాను.

"గుర్తు లేకపోతే పెట్టు. ఒక్క గాటు. నీ చేతికి అదెంత పని?"

"ఏంటీ?"

"గుర్తు నువ్వే పెట్టు! ఎవరికి తెలుస్తుంది!" అని అరిచాను.

చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాడు. పెళ్ళయ్యాక నా మీద చెయ్యెత్తని మనిషి, ఆ రోజు కళ్ళతోనే కొట్టాడు. "వాళ్ళు తప్పుతో సహా నిజంగా దించారే. నేను దొంగది దించనా?" అన్నాడు. రెండు రోజులు మాట లేదు. మూడో రోజు నేను బట్టలు ఆరేస్తుంటే పక్కకొచ్చి, నా వంక చూడకుండా, "ఆ రోజుల్లో ఇనుము లేదు. గుండ్రాయితోనే కొట్టాలి" అన్నాడు.

అలా మొదలైంది. వాగులోంచి పిడికిట్లో పట్టే గట్టి గుండ్రాళ్ళు ఏరుకొచ్చాడు. నాలుగు మధ్యాహ్నాలు పలక మీద కూర్చుని గుంటలు కొట్టాడు. లోపల మట్టి రుద్దాడు, తుమ్మబంక నీళ్ళు పోశాడు, నాచు తెచ్చి అతికాడు. నేను టీ పట్టుకుపోయి చూశాను. అరచేతి నడుమ పల్లంలా, నున్నటి గుంటలు. నిజం చెప్పాలంటే అందంగా ఉన్నాయి. "వెయ్యేళ్ళవని నేనే నమ్మేస్తానయ్యా" అన్నాను. ఆయన నవ్వలేదు.

నెల తిరిగి మేడమ్ వచ్చింది. ఆ వేళకే పక్క గుట్ట మీద మిషన్లు ఎక్కాయి. పదిమంది దాకా పనివాళ్ళున్నారు, మేనేజరు ఉన్నాడు. మేడమ్ పలక మీద మోకాళ్ళ మీద కూర్చుని గుంటలను వేలితో తడిమింది. మొదట మొహం విప్పారింది. తర్వాత టేపు తీసింది. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు కొలిచింది. మళ్ళీ కొలిచింది. తొమ్మిది గుంటలు. ఒకదానికొకటి సరిగ్గా జానెడు. వంకర లేని వరస.

ఆయన చెయ్యి అలవాటు అది. ఇరవై ఎనిమిదేళ్ళు గీత వెంబడి జానెడుకొక గుంట కొట్టిన చెయ్యి, ఇంకోలా కొట్టమంటే ఎలా కొడుతుంది? పాతవాళ్ళ గుర్తని మొదలుపెట్టి, తనకు తెలియకుండానే రాయి ఎక్కడ విడిపోతుందో అక్కడే, రాతి వాటం చూసి, వరసగా పెట్టేశాడు. దగ్గర నిలబడి నేనూ చూశాను. నాకూ తట్టలేదు.

మేడమ్ లేచి ఆయన చేతుల వంక చూసింది. తర్వాత నా వంక తిరిగి, చాలా మెల్లగా, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అంది: "ఇవి మీ ఆయనే కొట్టారా అని అడగండమ్మా."

"ఏమంటోంది?" అన్నాడాయన.

ఇక ఆ మాట నా నోటితోనే అనాలి. మెల్లగా అంటే వినపడదు. చెవి దగ్గర వంగి, "ఇవి నువ్వే కొట్టావా అని అడుగుతున్నారు!" అని అరిచాను. మిషన్ల దగ్గర పనివాళ్ళంతా తలలు తిప్పారు. ఆవిడ నలుగురిలో అల్లరి కాకూడదని గుసగుసగా అడిగిన మాటను నేను కొండంతా వినబడేలా చేశాను.

ఆయన నా వంక ఒక్కసారి చూసి, మేడమ్‌తో, "అవును. నేనే. నా బుద్ధే" అన్నాడు.

అక్కడ నేను నోరు విప్పాలి. నా మాట వల్ల కొట్టాడమ్మా, ఆయన కాదన్నాడమ్మా అని ఒక్క ముక్క. ఆవిడకు వినబడటానికి అరవక్కర్లేదు కూడా. చేతిలో టీ గ్లాసులున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

"మీరు మొదట చెప్పింది నిజమే అనుకుంటున్నాను మేస్త్రీ గారూ. కానీ ఇక నేను అది రాయలేను. ఎవరూ నమ్మరు" అంది మేడమ్. అదీ నేనే అరిచి చెప్పాను.

ఆవిడ కాగితంలో ఏం రాసిందో తర్వాత తెలిసింది. స్థానిక క్వారీ పనివాడు ఒకడు గుర్తులు కల్పించాడని, అతను చెప్పిన వివరాలు లెక్కలోకి తీసుకోదగినవి కావని. అన్ని వివరాలూ. ఒరిగిన బండ, చిన్న రాయి, ఏడుసార్లు దించిన తప్పు, అన్నీ ఆ తొమ్మిది గుంటల్లో పడి పోయాయి.

వారంలో పలక పని మొదలుపెట్టారు. మేనేజరు ఆ గుంటల దగ్గర నిలబడి నవ్వాడట. "మేస్త్రి మనకు శ్రమ తప్పించాడురా. గీత గీసి పెట్టాడు. బెజ్జాలు వీటిల్లోనే దింపండి" అన్నాడట. వాటిల్లోనే దింపారు. పలక ఆయన పెట్టిన వరస వెంబడే, ఒక్క పెచ్చు ఎగరకుండా, రెండుగా విడిపోయింది. ఆ రోజు ఆయన పనిలోనే ఉన్నాడు. సెలవు పెట్టవయ్యా అంటే, "నా గీతే కదా, చూడొద్దా?" అన్నాడు.

సాయంత్రం సంచిలో ఒక చిన్న రాయి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. పిడికెడు రాయి. అడగక్కర్లేకుండానే అది ఏ రాయో తెలిసింది. అప్పటి నుంచి గాలికి తలుపు కొట్టుకోకుండా దాన్నే అడ్డం పెడుతున్నాం.

ఆరు నెలలకు మా వీధికి రోడ్డు వేశారు. టిప్పర్ కంకర కుమ్మరించి పోయింది. గులాబీ చారల కంకర. వీధంతా సంతోషించింది, ఇక బురద ఉండదని. ఆయన కాసేపు కుప్ప ముందు నిలబడి, ఒక ముక్క తీసి ఇంకోదానితో టకటక కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ వినబడి ఉండదు. పారేసి లోపలికొచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. మంచం మీద ఉన్నప్పుడు కూడా ఆ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలంటే అరవాలి. అరిస్తే పక్కింటికి వినబడుతుంది. అదీ నాకు నేను చెప్పుకున్న సాకు.

వదిన మాత్రం ఎత్తుతూనే ఉండేది. తమ్ముడు బతికుండగా ఒక తీరు, పోయాక ఇంకో తీరు. "నా తమ్ముడు మా నాన్న పేరు నిలబెట్టాడమ్మా, దొంగగాట్ల మేస్త్రి అని." నీళ్ళు పట్టుకునే చోట అనేది, బట్టలు ఆరేసే చోట అనేది. అంటూ నా మొహంలోకి చూసేది. నేను తల వంచుకుని నా పని చేసుకునేదాన్ని.

మొన్న కంచెకు కొత్త బోర్డు పెట్టారని పోయి చూశాను. కూడబలుక్కుని చదివాను. ఎన్నేళ్ళవో, ఎంత బరువో రాశారు. ఏడింటిలోనూ ఎడమ బండ ఒరిగి ఉండటం విశేషమని రాశారు. కింద చివరి వరస: "ఈ ఆకారాన్ని ఎందుకు ఎంచుకున్నారో తెలియదు." తలెత్తి చూశాను. పలక సందులోంచి ఇదివరకు కొండ కొస కనబడేది. ఇప్పుడు ఆకాశమే ఉంది, చదునుగా, ఎవరో కత్తితో కోసేసినట్టు.

ఇంటికొచ్చేసరికి వదిన మా గుమ్మంలో కాలు పట్టుకుని కూర్చుని ఉంది. చిన్న రాయి బొటనవేలికి తగిలిందట.

"ఈ దిక్కుమాలిన రాయిని తీసి పారెయ్యవేం? వాడూ పోయాడు, వాడి దొంగగాట్లూ పోయాయి, ఇది మాత్రం నా కాళ్ళకు మిగిలింది" అంది.

"ఆ గాట్లు పెట్టమంది నేనే వదినా" అన్నాను. గట్టిగా అనక్కర్లేదు, ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా నా గొంతు మెల్లగా మాట్లాడటం మరిచిపోయి, అరుపులాగే వచ్చింది.

ఆవిడ వేలు నిమురుకుంటూనే ఉంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ రోజు కళ్ళ డాక్టరు రాలేదని సగం దారిలోంచి తిరిగొచ్చా. ఈ రేకుకు అవతలే కూర్చున్నా. నువ్వు అరిచిన అరుపుకి నా గిన్నెలు మోగాయి."

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు అడగలేదు?"

"రోజూ అడుగుతూనే ఉన్నా కదే. నువ్వు వినలేదు" అంది. మళ్ళీ అంది: "వాడు పోయేలోపు చెబుతావేమోనని చూశా. ఆ టేపు ఆవిడకు కాకపోయినా, నాకు కాకపోయినా, వాడికైనా. 'నా వల్లే కదయ్యా' అని ఒక్క మాట. రేకుకు చెవి ఆనించి కూర్చునేదాన్ని. దగ్గే వినబడేది."

వదిన లేచి, కుంటుకుంటూ తన ఇంట్లోకి పోయింది. గాలికి తలుపు కొట్టుకుంది. రాయిని కాలితో జరిపి మళ్ళీ దాని చోట పెట్టాను, ఎడమ పక్క.